కోసేవాడు చదవని ముక్క

పక్క గదిలో మనవరాలు పిట్ట గొంతు ఆగిపోయింది. ఆదివారం మధ్యాహ్నం మూడు నుంచి ఐదు దాకా తప్ప వారంలో మరెప్పుడూ వినిపించని ఆ గొంతు, “దీపం పిల్ల గడియారపు గోపురం ఎక్కుతోంది, చీకటి మడమలు పట్టుకుని లాగుతోంది, అయినా ఎక్కుతోంది” అని చెబుతూ చెబుతూ, ఎవరో కుళాయి కట్టేసినట్టు ఆగిపోయింది. వంటింట్లో పీట మీద కూర్చుని కూరగాయల కత్తికి సాన పడుతున్న తాత చెయ్యి కూడా అక్కడే ఆగింది. రాయి మీద కత్తి, కత్తి మీద నీటిబొట్టు, నీటిబొట్టులో కిటికీ. ఆ కిటికీ ఈమధ్య ఆయనకు ఒకటిగా కాక రెండుగా కనబడుతోంది. తలుపు ఓరగా వేసి ఉంది. “మూడో దెబ్బ,” అంది తాత పనిచేసే ప్రెస్సు యజమాని కూతురు. “నీ ముక్క బోర్లా పెట్టు. బోర్లా పడ్డవాళ్ళు మాట్లాడకూడదు, తెలుసుగా?” తర్వాత బల్ల మీద అట్టముక్క పెట్టిన చప్పుడు. ఈగ వాలినంత చప్పుడు ఆయనకు బ్లేడు దిగినంత గట్టిగా వినిపించింది.

ఆ ఆట ఎవరూ ఆయనకు నేర్పలేదు, వినగా వినగా ఒంటబట్టింది. ముగ్గురు ఆడపిల్లలు, ముగ్గురికీ మంత్రశక్తి. పగలు బడికెళ్ళి లెక్కలు తప్పు చేసే మామూలు పిల్లలే, చేతిలో ముక్క పడితే ఒకతి దీపం, ఒకతి గాలి, ఒకతి అద్దం. అది గెలుపోటముల పేక కాదు. ముక్క వేసి, దాని మీద ఉన్నదాన్ని పట్టుకుని తర్వాత ఏం జరిగిందో నోటితో చెప్పాలి, చెప్పింది చెప్పినట్టు జరిగినట్టే. మంత్రం వాడిన ప్రతిసారీ చీకటి కట్టలోంచి ఒక ముక్క తీయాలి, దెబ్బ అని రాసినవి మూడు పోగయితే సొంత ముక్క బోర్లా పడుతుంది, ఆ పిల్ల చీకట్లో కలిసిపోతుంది. నోటితో చెప్పాలి, అదీ ఆటలో కిటుకు. తన మనవరాలు, పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని తనే పిట్ట అని పేరు పెట్టిన పిల్ల, బళ్ళో పేరు పిలిచినా పలకదని పంతులమ్మ మూడుసార్లు చీటీ రాసి పంపిన పిల్ల, ఈ బల్ల దగ్గర కూర్చుంటే చాలు గలగలా ప్రవహిస్తుంది. మొదటి ఆదివారం ఆ గొంతు విని ఆయన వీధిలోంచి ఇంకెవరో పిల్ల వచ్చిందనుకున్నాడు. “నీ పోలికే నాన్నా,” అనేది కూతురు, బట్టల మిల్లు డ్యూటీకి అన్నండబ్బా సర్దుకుంటూ, “మీరిద్దరూ ఒక గదిలో కూర్చుంటే గోడలు సిగ్గుపడి మాట్లాడాలి.” అందుకే ఆయనకు ఆదివారాలు కత్తులు పదును పెట్టుకునే పని పడుతుంది. ఇంట్లో ఉన్నది ఒక్కటే కత్తి. ఈపాటికి అది వెంట్రుకను నిలువునా చీల్చాలి.

“ఆగు,” అంది కళ్ళజోడు పిల్ల, ఆట కట్టింది ఆ పిల్లే, బొమ్మలు ఆ పిల్లవే, రాతా ఆ పిల్లదే. “బోర్లా పడితే మళ్ళీ లేవచ్చు. లేచే దారి ఉంది. మన ముగ్గురి ముక్కల అడుగునా సన్నటి గీతలా ఒక వాక్యం రాశాను.” “ఎక్కడ? చూపించు,” అంది యజమాని కూతురు. కాగితం తిప్పిన చప్పుడు. “నా దాంట్లో లేదు. నీ దాంట్లో?” “నా దాంట్లోనూ లేదు, కానీ రాశాను, ఒట్టు.” “రాస్తే ఎగిరిపోయిందా? గాలి పిల్లని నేను, నేనైతే ఊదలేదమ్మా.” “ప్రెస్సులో ఏదో అయింది.” “ఏయ్, మా ప్రెస్సునేమీ అనకు. మొదటి రోజు నువ్వే చెప్పావు, ముక్క మీద లేనిది ఆటలో లేదని.” అప్పుడు, మాట్లాడకూడని పిల్ల, బోర్లా పడ్డ పిల్ల, దీపం పిల్ల గొంతుతో కాదు, తన సన్నటి బడిగొంతుతో అంది: “అక్కడ గీత లేదు. తాతయ్య కోయకముందు కాగితం నేను చూశాను. నువ్వు రాయలేదు.”

సానరాయి తొట్టిలోకి జారింది. చూళ్ళేదే, అనుకున్నాడు, పిట్ట ఆ కాగితాన్ని కోయకముందు చూడనే లేదే. ఆ కాగితాలు నేరుగా అచ్చు గదిలోంచి తన బల్ల మీదికి వచ్చాయి, యజమాని “మా పాప ఆట ముక్కలు, కాస్త ఒడుపుగా కోసిపెట్టండి పెద్దాయనా” అంటే. అంతకు ముందే ఈ పిల్లలు ముగ్గురూ వచ్చి నిలబడ్డారు, కళ్ళజోడు పిల్ల వినయంగా “తాతగారూ, మా కార్డులు మీరు కోస్తారా?” అని అడిగింది, తను “ముక్కలా? కోస్తాను” అన్నాడు, అంతే, ముగ్గురూ విరగబడి నవ్వారు, ఆ రోజు నుంచి వాళ్ళ నోట్లో కార్డు పోయి ముక్క మిగిలింది. ముక్క. నలభై రెండేళ్ళుగా తను చేసేది ముక్కలే. ఊళ్ళో కోతలు కోసేవాళ్ళకు కరువు లేదుగానీ నోరు విప్పకుండా కోసేవాడు మా కోత తాత ఒక్కడే అని బైండింగు వాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. నోరు విప్పితే చూపు చెదురుతుంది, చూపు చెదిరితే వేలు పోతుంది, అది మేస్త్రీ నేర్పిన మొదటి పాఠం, చివరి పాఠం కూడా. చెయ్యి ఒకచోట, చూపు ఒకచోట ఉంటే వేలు మూడోచోట ఉంటుందిరా అనేవాడు, అని తన కుడిచెయ్యి ఎత్తి చూపేవాడు, రెండు వేళ్ళు లేవు. ఏదో కథల పుస్తకం కోస్తున్నాడట, రాకుమారి బతికిందో లేదో అని ఒక్క రవ్వ కిందికి వంగి చదివాడట. “బతికిందా మేస్త్రీ?” అని అడిగితే, “ఎవడికి తెలుసురా, నెత్తురు పడి కనబడలేదు.” కోసేవాడు చదవకూడదు. గుర్తు చూడాలి, అక్షరం చూడకూడదు. నాలుగు మూలలా సన్నటి గుర్తులుంటాయి, చీమ కాలంత గీతలు, వాటి మీదికి బ్లేడు దించాలి. తనకు చదువూ మూడు తరగతులే కాబట్టి ఆ పాఠం సులువుగా ఎక్కింది.

ఆ రోజు ఆ గుర్తులు మంచులో ఉన్నాయి. ఆ మాట తనలో తను కూడా ఇంతవరకూ అనుకోలేదు. కళ్ళు నులుముకున్నాడు, దీపం దగ్గరికి లాగాడు, గుర్తు ఒకటి రెండైంది, రెండూ కదిలాయి. బొమ్మ కింద, చట్రం బయట, సన్నటి అక్షరాల వరస ఒకటి బూడిదరంగులో కనబడింది. ప్రెస్సు గీత అనుకున్నాడు. ప్రతి కాగితం అడుగునా ఉంటుంది అలాంటిది, ఏ పని, ఏ తేదీ, ఎవరు అచ్చేశారు అని ప్రెస్సువాళ్ళు తమ కోసం వేసుకునే వరస, కోసి పారేయాల్సింది, నలభై రెండేళ్ళుగా కోసి పారేసింది. గుర్తు కనబడకపోతే అలవాటు కనబడుతుంది. చట్రాన్ని ఆనుకుని కొలత చూపే గేజి బిగించాడు, కట్ట అంచులు తట్టి సమం చేశాడు, బ్లేడు దించాడు, శుభ్రంగా, నున్నగా, చెయ్యి వేస్తే తెగేంత అంచు. ముక్కలు చూసి యజమాని కూడా మెచ్చుకున్నాడు. ఆ మెప్పు విని ఎంత తేలికపడ్డాడో తలుచుకుంటే ఇప్పుడు చెవులు కాలుతున్నాయి. అంతకు రెండు నెలల ముందే కదా, బడి నోటుపుస్తకాలు వందల కొద్దీ వాలుగా తెగిపోయింది, యజమాని ఒక పుస్తకం తెరిచి, మూసి, కోపం కూడా పడకుండా, “పెద్దాయనా, ఇంకొక్కసారి ఇలా అయితే మీరిక మిషను దగ్గర నిలబడొద్దు. మీ వేళ్ళ కోసమే చెబుతున్నా” అన్నది. కోపం పడి ఉంటే బాగుండేది. తల తిప్పితే గుమ్మంలో అన్నండబ్బా పట్టుకుని పిట్ట. ఎప్పటినుంచి నిలబడిందో. డబ్బా బల్ల మీద పెట్టి, ఏమీ వినని దానిలా మూత తీసి, చెంచా తుడిచి, పక్కన పెట్టి వెళ్ళింది. ఇంటికొచ్చాక అడగలేదు, తను చెప్పలేదు. గోడలు కూడా మాట్లాడలేదు.

అదీ సంగతి. పిట్టకు తెలుసు. ముక్కలు ఇంటికొచ్చిన రోజే దానికి తెలిసి ఉంటుంది, కళ్ళజోడు పిల్ల రాసేటప్పుడు పక్కనే కూర్చుంది కదా, గీత ఏమైందో, ఎవరు కోశారో, ఎందుకు కోశారో అన్నీ కలిపి చూసుకుని ఉంటుంది. బల్ల ఎదురుగా కూర్చున్నది యజమాని కూతురు, ఐదింటికి తీసుకెళ్ళడానికి వచ్చేది యజమాని. గీత ఉందని ఒప్పుకుంటే గీతను కోసిన చెయ్యి బయటపడుతుంది. అందుకని పిట్ట తన దీపాన్ని తనే బోర్లించుకుని దాని మీద కూర్చుంది. గోడ మీద గడియారం, దానికీ రెండు ముళ్ళు చాలక నాలుగు కనబడుతున్నాయి, నాలుగున్నర దాటినట్టుంది.

“అంటే నేను అబద్ధాలకోరునా?” అంది కళ్ళజోడు పిల్ల. “అటు చూడకు, నన్ను చూసి చెప్పు. నేను రాయడం నువ్వు చూశావు. నా పెన్నులో సిరా అయిపోతే నీ పెన్ను ఇచ్చావు.” “ఇవ్వలేదు,” అంది పిట్ట. “పోనీలేవే,” అంది యజమాని కూతురు, ఆ పిల్ల చెడ్డది కాదు, నోరే కాస్త ముందుంటుంది, “రాయడం మర్చిపోయానంటే అయిపోతుందిగా, దానికింత రాద్ధాంతం దేనికి?” “మర్చిపోలేదు!” కుర్చీ వెనక్కి జరిగింది. “నాకొద్దు ఈ ఆట. మీరే ఆడుకోండి. అది చీకట్లోనే ఉండనీ, దానికదే ఇష్టం.” పుస్తకాల సంచి జిప్పు, ఒక పక్కనుంచి ఇంకో పక్కకు, పొడుగ్గా. బళ్ళో పిట్ట పక్కన కూర్చునేది ఆ కళ్ళజోడు పిల్ల ఒక్కతే. ఆ పిల్ల లేచి వెళ్ళిపోతే ఆదివారాలు పోతాయి, బళ్ళో పక్కసీటు పోతుంది, ఆ గొంతు ఎక్కడినుంచి వచ్చిందో అక్కడికే పోతుంది. పిట్ట ఇప్పుడైనా ఒక్క ముక్క అనాలి. అనదు. తనకు తెలుసు అనదని. ఆ మౌనం ఎవరి చేతిలోంచి దాని చేతిలోకి వచ్చిందో తనకు తెలియదా.

“ఏదైనా ఒక్క ముక్క మాట్లాడు,” అంది ఆవిడ, ఆయన భార్య, పన్నెండేళ్ళ కిందట. ఇదే వంటింటి అవతలి గోడ, అప్పుడు ఆ గోడకు మంచం ఉండేది, ఆవిడ మూడు వారాలు ఆ మంచం మీదే, గొంతు సగం పోయి, నీళ్ళు చెంచాతో. పగలంతా ప్రెస్సు, సాయంత్రం పక్కన పీట మీద తను. ఎంత చదువుకునేది, నవలలు, పత్రికలు, పొట్లం కాగితాలు కూడా విప్పి చదివేది, “నువ్వు కోసినవన్నీ ఊరంతా చదువుతుంది, నువ్వు తప్ప” అని ఎకసెక్కం ఆడేది, పెళ్ళైన కొత్తలో చెయ్యి పట్టుకుని నేలమీద సుద్దతో ఆవిడ తన పేరే రాయించింది, మూడక్షరాలు, మూడో తరగతితో ఆగిపోయిన చదువుకు ఆవిడ చేర్చిన మూడక్షరాలు. “ఒక్క ముక్క. పోనీ పేరు పెట్టి పిలువు, ఎప్పుడైనా పిలిచావా, ఏయ్, ఇదిగో, వినబడిందా, ఇవేగా నా పేర్లు.” పిలుద్దామనే అనుకున్నాడు. నాలుక మీదికి వచ్చింది కూడా. వచ్చిన మాట దంతాల దగ్గర ఆగి, తిరిగి వెళ్ళి, దాని బదులు ఇంకో మాట వచ్చింది: “మాత్ర వేసుకో.” వేసుకుంది. నవ్వింది కూడా. తెల్లారేసరికి లేదు. మరుసటేడు పుట్టిన గుప్పెడంత పిల్లకు కూతురు ఆ పేరే పెట్టింది. పిట్టా అని తను అప్పటికప్పుడు ఎందుకు అన్నాడో, ముద్దొచ్చి అన్నాడని ఇంటిల్లిపాదీ అనుకున్నారు. ఆ మూడక్షరాలు పలకాల్సి రాకుండా అన్నాడు. పిలవాల్సినప్పుడు పిలవని పేరును తర్వాత పిల్లకు వాడుకోవడానికి తనకేం హక్కుంది అనుకున్నాడు, పదకొండేళ్ళుగా అనుకుంటూనే ఉన్నాడు.

లేచాడు. మోకాలు టక్కుమంది. పొయ్యి పక్కన గోడకు మేకు ఉంది, మేకుకు చీటీలు. అట్ట మందంగా ఉంటుంది, చీటీలకు పనికొస్తుంది అని కోతలో పోయిన అంచులను ఆయన కట్టగట్టి ఇంటికి తెస్తాడు, నలభై రెండేళ్ళ అలవాటు, కూతురు వాటి వెనక ఇంటి సరుకులు రాసి మేకుకు గుచ్చుతుంది. పోయిన నెల ఒకటి పట్టుకుని, “నాన్నా, దీని మీద ఏదో అచ్చు ఉంది, పనికొచ్చేదేమో” అంటే, తను చూడకుండానే “చెత్త” అన్నాడు. ఒక్కొక్కటే మేకు నుంచి లాగాడు. ఖాళీ. ఖాళీ. సబ్బు, దారం, ఉప్పు, వెనక ఖాళీ. వేళ్ళు తడిగా ఉన్నాయి, అట్ట అంచులు మెత్తబడుతున్నాయి. తలుపవతల వీధి చెప్పులు వేసుకుంటున్న చప్పుడు, ఎడమది, ఆగి ముక్కు చీదడం. బియ్యం, అగ్గిపెట్టె, పిట్టకు రబ్బరు. తిప్పితే బూడిదరంగు వరస. జానెడు పొడుగు, వేలెడు వెడల్పు, ఒకే వాక్యం మూడుసార్లు పక్కపక్కన, మూడు ముక్కల అడుగులూ కలిపి. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. ముక్కుకు ఆనించుకున్నాడు. అక్షరాలు రెండేసి ఉన్నాయి, వాటిలో ఏది నిజమో ఏది నీడో వేలు పెట్టి విడదీసుకుంటూ, పెదవులు కదుపుతూ, మూడో తరగతి పిల్లాడిలా గుణింతాలు కూడబలుక్కుంటూ చదివాడు. ఒకసారి చదివితే మాటలైంది. రెండోసారి చదివితే వాక్యమైంది. మూడోసారి చదవక్కర్లేదు, అయినా చదివాడు. మేస్త్రీ, అనుకున్నాడు, ఇదిగో, చదివాను. వేలు ఎక్కడిదక్కడే ఉంది. మరి ఏం తెగిందో.

తలుపు తోశాడు. కళ్ళజోడు పిల్ల గుమ్మం దగ్గర, ఒక కాలికి చెప్పుతో. యజమాని కూతురు చేతిలో ముక్కలు విసనకర్రలా విప్పి పట్టుకుని. పిట్ట బల్లకు ఆనుకుని, బోర్లా పెట్టిన ముక్క మీద రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి. ఆయన్ని చూసి, చేతిలో అట్టముక్క చూసి, దాని మొహం పాలిపోయింది. వద్దు అన్నట్టు తల అడ్డంగా తిప్పింది, ఒక్కసారే, చాలా చిన్నగా.

“గీత ఉంది,” అన్నాడు.

గొంతు తుప్పు పట్టిన తలుపులా కిర్రుమంది. దగ్గాడు. “ఈ అమ్మాయి రాసింది. నేనే కోసేశాను. ప్రెస్సు గీత అనుకున్నాను.” ఆగాడు. ఇక్కడిదాకా చెప్పి ఆగిపోవచ్చు. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. యజమాని కూతురు నోరు తెరుచుకుని వింటోంది, ఇంకో పావుగంటలో ఈ మాటలు ఇలాగే వాళ్ళ నాన్న చెవిలో పడతాయి. “అనుకోవడం కాదమ్మా. గుర్తులు నాకు కనబడలేదు. కళ్ళలో పొర వచ్చింది, చాన్నాళ్ళయింది. ఎవరికీ చెప్పలేదు.”

“తాతయ్యా!” అంది పిట్ట, ఏడుపుగొంతుతో. “చెప్పొద్దనే కదా నేను…”

“తెలుసు.”

కళ్ళజోడు పిల్ల ఒంటి చెప్పుతోనే వచ్చి అట్టముక్క అందుకుంది. చదివింది, పైకి, తన రాత తనకే కొత్తగా ఉన్నట్టు: “బోర్లా పడితే, ఇంకొకరు తమ చేతిలో ఉన్న అన్నిటికంటే విలువైన ముక్కను వదులుకుని, నిన్ను పేరు పెట్టి పిలవాలి.” చదివి పిట్ట వైపు చూసింది, ఇందాకటి కోపం కళ్ళజోడు వెనక ఎటు పోవాలో తెలియక తిరుగుతోంది. “పిచ్చిదానా,” అంది. “నాకు మాత్రం చెవిలో చెప్పొచ్చుగా.”

“అయితే ఎవరు వదులుతారు?” అంది యజమాని కూతురు. ఆటలో ఆట మాటే. “నా దగ్గర తుపాను ఒక్కటే ఉంది మంచిది. అది వదిలితే గోపురం దగ్గర అందరం చస్తాం.” తన ముక్కల్ని చూసుకుంది, తర్వాత మెల్లగా తలెత్తి ఆయన్ని చూసింది, ఆయన చేతుల్ని, పదివేళ్ళున్న చేతుల్ని. ఆ పిల్లకు ఏదో అర్థమవుతున్నట్టుంది. “తాతగారు ఆటలో లేరుగా,” అంది, కానీ గొంతులో పట్టు లేదు.

“ఆయన వదిలేశారు,” అంది కళ్ళజోడు పిల్ల. “ఇప్పుడే. నువ్వు వినలేదా?”

వీధిలో బండి ఆగింది. ఇంజను ఆపిన చప్పుడు, స్టాండు వేసిన చప్పుడు, మెట్ల మీద బూట్లు. యజమాని ఎప్పుడూ ఐదు నిమిషాలు ముందే వస్తాడు, మనిషి అలాంటివాడు. ముగ్గురు పిల్లలూ ఆయన నోటి వైపు చూస్తున్నారు. ఇంకా ఒకటి మిగిలింది, పిలవాలి. ఆయన పళ్ళ వెనక ఆ మూడక్షరాలు వచ్చి నిలబడ్డాయి, సుద్దతో రాసినప్పటి వంకర అలాగే ఉంది, మొదటి అక్షరానికి తోక పొడుగు, మూడోదానికి గుండ్రం సరిగ్గా కలవదు. పదకొండేళ్ళ పిల్లా, మంచం మీది మనిషీ, ఒకటి రెండుగా, రెండు ఒకటిగా, కళ్ళకు ఎదురుగా కదిలారు. మాత్ర వేసుకో అనబోయాడు అలవాటుగా. నోరు మూసుకున్నాడు. మళ్ళీ తెరిచాడు.

పేరు పెట్టి పిలిచాడు.

పెద్దగా ఏం పిలవలేదు. గదిలోవాళ్ళకు వినబడేంతే.

“ఊఁ,” అంది పిట్ట. బోర్లా ఉన్న ముక్క అంచు కింద గోరు దూర్చింది, అంచు నున్నగా తెగి ఉంది, గోటికి అందదు, రెండుసార్లు జారి, మూడోసారి లేచింది.

తలుపు బెల్లు మోగింది. “నాన్న,” అని లేవబోయిన యజమాని కూతుర్ని ఆయన చేత్తో ఆపాడు. “నేను తీస్తానమ్మా. నాకే పని ఉంది ఆయనతో.” గడప దాకా వెళ్ళి గడియ మీద చెయ్యి వేశాడు. చెప్పాల్సింది రెండు ముక్కలు, ఇందాక ఒకసారి చెప్పాడు కాబట్టి దారి తెలుసు. అప్పుడు వెనకనుంచి, మొదట సన్నగా, తర్వాత గలగలా: “గోపురం పైన ఎవరో పిలిచారు. దీపం పిల్ల కళ్ళు తెరిచింది. చీకట్లో తన చెయ్యి తనకే కనబడలేదు, అయినా లేచింది…” బెల్లు రెండోసారి మోగింది. గడియ మీది చెయ్యి కదల్లేదు. ఈ మెట్టు ఎక్కేదాకా విందాం, అనుకున్నాడు.